మొదటి గాజు

బరంపురం స్టేషన్లో రైలు దిగేసరికి సరస్వతమ్మ చేతిలో ఒక సంచీ, భుజాన హ్యాండ్‌బ్యాగూ ఉన్నాయి గానీ పక్కన మనిషి లేడు. ఆవిడ కోసం బయట కారు దగ్గర కాచుకుని ఉన్న వైకుంఠరావు మాత్రం ఇద్దరికని రెండు కొబ్బరి బొండాలు కొట్టించి పెట్టాడు. ఒకటి ఆవిడకిచ్చి, రెండోది చేత్తో పట్టుకుని గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"సార్ ఏరమ్మా?"

"రాలేకపోయారు. మోకాళ్ళ నొప్పులు," అంది సరస్వతమ్మ.

ఆవిడ భర్త నారాయణమూర్తి గారు పోయి అప్పటికి ఆరు నెలలు.

ఏం మనిషండీ ఈవిడ, అనుకుంటారేమో. అనుకోండి. నోరు జారిన మరుక్షణం ఆవిడా అదే అనుకుంది. నిజానికి రైల్లో కూర్చున్నంతసేపూ చెప్పవలసిన మాటని నోట్లో తిప్పుకుంటూనే వచ్చింది. ఆయన పోయారు బాబూ, ఆయన కోరిక కదా అని నేనొక్కదాన్నే వచ్చాను. ఇంతే కదా, ఏముంది అందులో. తీరా అతను అడిగేసరికి, ఆ మాట వినగానే అతని మొహం ఎలా మారిపోతుందో కళ్ళకి కట్టినట్టయింది. ఆరు నెలలుగా ఆవిడ చూస్తున్న మొహమే అది. కూరలబండి వాడి దగ్గర్నుంచి పక్కింటి పిల్లదాకా అందరూ ఆవిడ ఎదుటపడగానే అదే మొహం తగిలించుకునేవారు. ఎవరూ ఎరగని ఊళ్ళో ఒక్క పూట ఆ మొహం చూడకుండా గడుపుదామనిపించింది. పాపమనండి, సిగ్గులేనితనమనండి, ఉన్న సంగతి అది.

వైకుంఠరావు అనుమానపడటానికి కారణమూ లేదు. ఆవిడ నుదుట ఎప్పటి స్టిక్కరు బొట్టే ఉంది. ఈ రోజుల్లో ఎవరు తీస్తున్నారత్తయ్యా అని కోడలే తియ్యనివ్వలేదు. మెళ్ళో నల్లపూసలు లేకపోయినా గొలుసుంది, చేతులకి బంగారు గాజులున్నాయి. ఇక ఏడాది తిరక్కుండా గుడిమెట్టు ఎక్కకూడదన్న సంగతి ఆవిడకి తెలియదా అంటే, తెలుసు. తెలుసు కాబట్టే, పలాసలో చెల్లెలింటికి వెళ్తున్నానని కోడలికి చెప్పి బయల్దేరింది. అంటే మోకాళ్ళ నొప్పులన్నది ఆ రోజుకి రెండో అబద్ధమన్నమాట.

వైకుంఠరావు సంగతి కూడా చెప్పాలి. యాభై దాటినవాడు. సొంత కారుంది. ఆంధ్ర నుంచి వచ్చేవాళ్ళని బరంపురం, గంజాం జిల్లా గుళ్ళన్నీ తిప్పి చూపించడం అతని పని. డ్రైవరూ అతనే, గైడూ అతనే, పూజారులతో ఒడియాలో మాట్లాడి మనల్ని ముందు వరసలో నిలబెట్టేదీ అతనే. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఒక నోటితో రెండు భాషలూ గడగడా మాట్లాడేస్తాడు, ఆ నోరు మాత్రం ఒక్క నిమిషం ఊరుకోదు. నారాయణమూర్తి గారు పెళ్ళికి ముందు ఈ స్టేషన్లోనే గుమాస్తాగా పనిచేశారు. ఈ ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణీకి రెండేళ్ళకోసారి చైత్రంలో జరిగే యాత్ర భార్యకి చూపించాలని ఆయనకెంత ఇదో. నెలల తరబడి వైకుంఠరావుకి ఫోన్లు చేసి, ఏ గుడి ముందు, ఏది వెనక అని ఆయనే అంతా ఖరారు చేసుకున్నారు. ఒకరినొకరు చూసుకోకుండానే ఇద్దరికీ జత కుదిరింది.

ఆయన పోయాక కూడా సరస్వతమ్మ ఆయన ఫోనుకి ఛార్జింగు పెడుతూనే ఉంది. ఎందుకూ అంటే చెప్పలేదు. పది రోజుల క్రితం అందులోకి వైకుంఠరావు మెసేజి వచ్చింది, యాత్ర తేదీలు వచ్చేశాయి సార్, వస్తన్నారు గదా అని. సంగతి రాద్దామని కూర్చుంది. వేలు కదల్లేదు. చివరికి, వస్తున్నాము, శుభం, అని రాసేసింది. ఆయన ఎవరికి ఏం రాసినా చివర శుభం అని పెట్టేవారు. ఆ ఫోను ఇప్పుడు ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

కారు పురుషోత్తంపూర్ దారి పట్టింది. ముందు తారాతారిణి కొండ, మధ్యాహ్నానికి తిరిగి ఊళ్ళోకి వచ్చి ఠాకురాణీ దర్శనం, ఇదీ సార్ వేసిన ప్లాన్ అన్నాడు వైకుంఠరావు. దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. కొండ మీది తల్లులిద్దరూ అక్కచెల్లెళ్ళట. గంజాం జిల్లాలో ఎవరికి బిడ్డ పుట్టినా తొలి వెంట్రుకలు ఆ తల్లులకివ్వాలట. ఒక రాజుగారి కథ చెప్పాడు, ఆ కథే ఇంకో రకంగా మళ్ళీ చెప్పాడు. రెండింట్లో ఏది నిజమని ఆవిడ అడిగితే, మీకేది నచ్చితే అదేనమ్మా అన్నాడు. సరస్వతమ్మకి నవ్వొచ్చింది. నవ్వాక భయమేసింది. ఆరు నెలల్లో అలా పైకి వినబడేలా నవ్వడం అదే మొదలు.

కొండమీద ఎటు చూసినా గుండు గీయించుకున్న పసివాళ్ళే. తల్లుల భుజాల మీద ఏడుస్తున్నవాళ్ళు కొందరు, గుండు తడుముకుని విస్తుపోతున్నవాళ్ళు కొందరు. కింద ఋషికుల్య నది ఇసుక మధ్య సన్నగా పారుతోంది. వైకుంఠరావు పూజారితో ఏం మాట్లాడాడో గానీ, రద్దీలోంచి ఆవిణ్ణి గర్భగుడి గుమ్మం దాకా తీసుకెళ్ళాడు. పూజారి గోత్రం అడిగాడు. ఆవిడ చెప్పింది. ఇంటాయన పేరన్నాడు. ఆవిడ నోరు విప్పేలోగా వైకుంఠరావే అందుకుని నారాయణమూర్తి గారి పేరు గట్టిగా చెప్పి, మోకాళ్ళ బాధ పోవాలని ప్రత్యేకంగా సంకల్పం చెప్పించాడు. పోయిన మనిషి ఆయుష్షు కోసం పూజారి అక్షతలు చల్లుతుంటే సరస్వతమ్మ కళ్ళు మూసుకుంది. భక్తితో కాదు, తల్లి మొహం చూడలేక. పూజారి ఆవిడ స్టిక్కరు పైన ఇంత సింధూరం అద్దాడు.

బయటికొచ్చాక వైకుంఠరావు ఆవిణ్ణి నిలబెట్టి ఫోటో తీశాడు. ఆ క్షణంలోనే హ్యాండ్‌బ్యాగులో ఫోను గుయ్యిమంది.

"సార్‌కి పంపినానమ్మా," అన్నాడు సంబరంగా. తర్వాత తన ఫోను వైపు చూసుకుంటూ, చూసినట్టు లేదే, నీలం టిక్కులు ఇంకా పడలేదు, వీడియో కాల్ చేద్దామా అన్నాడు. ఈ వేళప్పుడు ఆయన ఒక కునుకు తీస్తారని చెప్పింది సరస్వతమ్మ. అతను ఊరుకుంటాడా, నాలుగడుగులకోసారి ఫోను చూసుకుంటూ, సార్ లేచినట్టు లేదు, సార్ చూళ్ళేదు అని ఒకటే గొణుగుడు. చివరికి ఆవిడ బాత్రూం వంక పెట్టి పక్కకి వెళ్ళింది. గోడవైపు తిరిగి ఆయన ఫోను తీసి ఫోటో తెరిచింది. నుదుటి నిండా సింధూరంతో, చెదిరిన జుట్టుతో, తనే. బాగానే ఉన్నాననిపించింది. అలా అనిపించినందుకు తనని తాను తిట్టుకుంటూనే, సంతోషం, శుభం, అని కొట్టి పంపేసింది.

తిరిగొచ్చేసరికి వైకుంఠరావు మొహం వెలిగిపోతోంది. సార్ చూశారమ్మా, సార్ ఎప్పుడూ ఇంతే, రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు, అన్నాడు. అవును, ఆయనంతే, అంది సరస్వతమ్మ. ఇది మాత్రం నిజమే.

కొండ దిగి కారెక్కాక అతను అద్దంలోంచి రెండు మూడుసార్లు ఆవిడ వైపు చూశాడు. కనిపెట్టేశాడేమో అనుకుంది ఆవిడ. అది కాదు. ఒక మాట అడగాలి, ఎలా అడగాలో తెలియటం లేదు, అని మొదలుపెట్టాడు.

సంగతేమిటంటే, వాళ్ళమ్మాయి ధరణిని అస్కాలో ఇచ్చారు. అల్లుడిది అక్కడి పంచదార మిల్లులో ఉద్యోగం. ధరణికి ఇప్పుడు ఏడో నెల. యాత్రకని పుట్టింటికి వచ్చింది. ఈ యాత్రకి ఠాకురాణీ తల్లి కూడా గుడి వదిలి పుట్టింటికే వస్తుంది కదా, అలాంటి రోజు కన్నా మంచిరోజేముంటుందని ఆ సాయంత్రమే ఇంట్లో ధరణికి గాజులు తొడిగే వేడుక పెట్టుకున్నారు. మొదటి గాజు వేసే చెయ్యి నిండు ముత్తైదువుదై ఉండాలి. పిల్లల్నీ మనవల్నీ ఎత్తుకున్న చెయ్యి కావాలి. ఇంటావిడ కుమారి ఈ విషయంలో మరీ పట్టుదలగా ఉంది. వేద్దామన్న బంధువులావిడ తెల్లారే జ్వరంతో పడుకుంది. మీరొస్తే, అని ఆగిపోయాడు.

ఇదుగో, ఇక్కడ సరస్వతమ్మ ఒక్క మాట చెప్పుంటే చాలు. సిగ్గుపడితే పడేది, వైకుంఠరావు నొచ్చుకుంటే నొచ్చుకునేవాడు, సాయంత్రం రైలెక్కి ఇంటికి పోయేది. ఆవిడ చెప్పింది ఏమిటయ్యా అంటే, "ఆయన్నొకసారి అడగాలి బాబూ," అని. నలభై ఏళ్ళుగా ఎవరేం అడిగినా ఆవిడ తప్పించుకునేది ఆ మాటతోనే. అలవాటు కొద్దీ వచ్చేసింది.

"మీరెందుకమ్మా, నేనడుగుతాను," అని వైకుంఠరావు కారు పక్కకి ఆపి, అక్కడికక్కడే సార్‌కి పొడుగాటి మెసేజి పెట్టాడు. ఆవిడ ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు మళ్ళీ గుయ్యిమంది. కారు ఇంజను చప్పుడులో అతనికి వినబడలేదు.

బరంపురంలో కారు ఊరి మధ్యకి పోవడం కష్టమైంది. పులివేషాలు, డప్పులు, వీధి పొడుగునా లైట్ల తోరణాలు. కారు ఓ పక్కన వదిలి నడుస్తూ వైకుంఠరావు కథ చెప్పాడు. ఠాకురాణీ తల్లికి ఈ ఊళ్ళో పుట్టిల్లుంది. నేతవాళ్ళ పెద్ద దేశీబెహరా ఆవిడకి తండ్రి వరస. యాత్ర రోజుల్లో ఆయన వీధిలో తాటాకులతో గుడి వేసి, కూతుర్ని తెచ్చుకున్నట్టే తెచ్చుకుంటారు. అందుకే ఈ రోజుల్లో ఆవిడకి మొక్కేవాళ్ళు దేవతకని కాక ఆడపడుచుకని పసుపు నీళ్ళు తెస్తారు. ఎదురుగా ఆడవాళ్ళు బిందెలతో పసుపునీళ్ళు పట్టుకుని బారులు తీరి నడుస్తున్నారు. పసుపు వాసన వీధంతా నిండిపోయింది. ఒక ముసలావిడ సరస్వతమ్మ నుదుటి సింధూరం చూసి నవ్వుతూ పక్కకి జరిగి తన ముందు చోటిచ్చింది.

ఆ చోటే కొంప ముంచింది. ఎవరైనా ముందుకి రమ్మని చోటిచ్చి ఎన్నాళ్ళయిందో ఆవిడకి తెలుసు. రెండు నెలల క్రితం చెల్లెలి మనవరాలికి బారసాల చేశారు. పిలిచారు, కాదనలేం. వెళ్ళాక ఎవరూ ఏమీ అనకుండానే, అక్కా నువ్విలా రా అని వెనక దొడ్లోకి తీసుకెళ్ళి వంకాయలు తరగమన్నారు. ఉయ్యాల పాటలు ఆవిడ దొడ్లోంచే విన్నది. అంతకు ముందు ఏ బారసాలకైనా ఉయ్యాల మొదట ఊపింది ఆవిడే.

దర్శనమయ్యాక, చెప్పులు విడిచిన చోట ఒక పక్కగా నిలబడి ఆయన ఫోను తీసింది. వైకుంఠరావు మెసేజి చదివింది. సార్, మా ఆనవాయితీ ఒకటుంది, మొదటి గాజు వేసేవారు ఇంటాయన పేరు పైకి చెప్పి, నా పసుపు కుంకాలే నీకూ అని దీవించాలి, మీకు అభ్యంతరం లేకపోతే అమ్మని పంపండి, అని ఉంది అందులో. వద్దు అని రాసింది. ఆ రెండక్షరాల వైపు చూస్తూ నిలబడింది. తర్వాత వాటిని చెరిపేసి, వెళ్ళి రమ్మనండి, శుభం, అని రాసింది. పోయిన మొగుడి చేత తనకి తనే అనుమతి ఇప్పించుకుంది. పంపిన వెంటనే ఫోను ఆపేసి బ్యాగు అడుక్కి తోసేసింది. అక్కడున్న జనంలో ఎవరికీ ఆవిడ మొహం అక్కర్లేదు గానీ, ఆవిడ మాత్రం కొంగు నిండా కప్పుకుంది.

వైకుంఠరావు ఇల్లు బిజీపూర్ వైపు సందులో ఉంది. ముందు గదిలో చాపలు పరిచి, ధరణిని కుర్చీలో కూర్చోబెట్టారు. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో, పల్చటి మొహం. కళ్ళల్లో మాత్రం పండగ లేదు. ఎవరు పలకరించినా తలూపి పొట్టమీద చెయ్యి వేసుకుంటోంది. కుమారి సరస్వతమ్మ కాళ్ళకి పసుపు రాసి, లోపలికి తీసుకెళ్ళి పెద్ద పీట వేసింది. వాళ్ళకీ వీళ్ళకీ చూపిస్తూ, వైజాగ్ నుంచి అమ్మగారు, ఇద్దరు పిల్లలు, ముగ్గురు మనవలు, సార్ రైల్వేలో పనిచేశారు అని పరిచయం చేసింది. ఇత్తడి పళ్ళెంలో ఆకుపచ్చ, ఎర్ర గాజులు వరసలుగా ఉన్నాయి.

వంటింటి గుమ్మానికి ఆవల ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. తెల్లటి చీర, బోసి మెడ. గదిలోకి అడుగు పెట్టకుండా, అలాగని వెనక్కీ వెళ్ళకుండా, సరిగ్గా గుమ్మం అవతలే కూర్చుంది. వైకుంఠరావు తల్లి దేముడమ్మ. వేడుకకి వండిన పొంగడాలూ పులిహోరా అన్నీ తెల్లారగట్ల నుంచి ఆవిడ చేసినవేనట. సరస్వతమ్మ ఆవిడ వైపు చూసింది. ఆవిడ చేతులు జోడించింది. సరస్వతమ్మ కళ్ళు తిప్పేసుకుంది.

పళ్ళెం ముందుకొచ్చింది. సరస్వతమ్మ అరచేతులకి పసుపు రాసుకుని, ఒక పచ్చ గాజు తీసి, ధరణి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. గాజు మణికట్టు దాటి లోపలికి జారగానే గదంతా ఆవిడ నోటి వైపు చూసింది.

"నారాయణమూర్తి గారి భార్యని. నా పసుపు కుంకాలే నీకూ అమ్మా."

ధరణి మొహం విప్పారింది. నవ్వి, కుర్చీలోంచి వంగి ఆవిడ కాళ్ళు తాకింది. కుమారి కళ్ళు తుడుచుకుంది. వైకుంఠరావు ఫోనులో వీడియో తీస్తూ, సార్ చూడాలి ఇది, సార్ చూడాలి, అంటున్నాడు. మిగతా ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు గాజులు వేశారు. తన నోటినుంచి ఏ మాట వచ్చిందో సరస్వతమ్మకి అప్పుడు తెలిసింది. ఆ పిల్లకి తన పసుపు కుంకాలు ఇచ్చింది. ఉన్నవి కదా ఇవ్వాలి. చేతులు కడుక్కోవాలి అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

దేముడమ్మ గిన్నెలో నీళ్ళు పోసి చేతికందించింది. అందిస్తూనే అడిగింది, ఒక ఉపకారం చేస్తావా తల్లీ అని. ఆ పసుపు చేతిని కడిగేసే ముందు మా ధరణి గుంట కడుపు మీద ఒక్కసారి ఉంచి రావాలి, నా బదులు, అంది. మీరే వెళ్ళి దీవించొచ్చు కదా అంది సరస్వతమ్మ, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నాను ఎల్లకూడదమ్మా," అంది దేముడమ్మ. "కిందటిసారి ఐదో నెల్లో ఆ గుంటే నా దగ్గిరికొచ్చి, నానమ్మా నువ్వొక గాజు ఎయ్యవా అని సెయ్యి సాపింది. ఎవులూ సూడకుండా ఏసీసినాను. నెల తిరక్కుండా కడుపు పోనాది. మా కోడలు ఒక్క మాటన్నాది కాదు. అనుంటే బాగుణ్ణు."

అప్పట్నుంచి తను మనవరాలిని తాకలేదని చెప్పింది. అది వచ్చినప్పుడల్లా దాని బట్టలు ఉతుకుతుందట, దానికిష్టమైనవన్నీ వండుతుందట, తలకి నూనె మాత్రం రాయదట. ఈ ఏడు నెలలూ ధరణి నవ్వగా చూడలేదని, ఇవాళ నీ చెయ్యి పడ్డాకే నవ్విందని, అంటూ సరస్వతమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకి అద్దుకోబోయింది.

సరస్వతమ్మ చేతులు వెనక్కి లాగేసుకుంది. ఈ మనిషి ఆశనంతా గుమ్మం అవతల చంపుకుని కూర్చుంటే, తను ఆవిడ ముందు నుంచే దర్జాగా నడిచెళ్ళి పెద్ద పీట మీద కూర్చుంది. చెప్పెయ్యాలి. చెబితే ఈవిడకి కాస్త ఓదార్పు కూడానేమో. మన చేతుల్లో ఏ దోషమూ లేదమ్మా, నీదీ నాదీ ఒకటే చెయ్యి, అని చెప్పొచ్చు. ఆ క్షణంలో ఆవిడ నిజంగా అలాగే అనుకుంది.

"అమ్మా, మా ఆయన లేరు," అంది గొంతు తగ్గించి. "పోయి ఆరు నెలలైంది. మీవాడికి అబద్ధం చెప్పాను. ఫోనులో ఆయన పేరుతో జవాబు రాసింది కూడా నేనే."

దేముడమ్మ ఆవిడ నుదుటి వైపు చూసింది. మెడ వైపు చూసింది. అరచేతుల్లో పసుపు వైపు చూసింది. ఓదార్పు సంగతి దేవుడెరుగు, ఆ మొహంలో రక్తం లేకుండా పోయింది. ముందు గదిలో ఎవరో పాట ఎత్తుకున్నారు.

"మరెందుకేసినావు?" అని అడిగింది చివరికి.

నన్ను పిలిచారు, అందుకని, అంది సరస్వతమ్మ. తన చెవులకే ఆ మాట చిన్నపిల్ల మాటలా వినబడింది.

"నాకు మాత్రం ఎయ్యాలని లేదా తల్లీ?"

ఆవిడ కోపంగా అనలేదు. కోపంగా అనుంటే సరస్వతమ్మ తట్టుకునేది. చేతులు జోడించి, తప్పయిపోయింది, ఇప్పుడే వెళ్ళి అందరిలోనూ చెప్పేస్తాను, ఆ గాజు తీయించెయ్యండి, అంటూ గుమ్మం వైపు తిరిగింది. దేముడమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపేసింది. ఆ వయసులో అంత పట్టు ఎక్కడిదో.

"సెప్పి ఏటి సేస్తావు? ఆ గుంట మళ్ళీ నవ్వుతాదా? నువ్వు నీ గుండి బరువు దింపుకోడానికి సెప్పినావు. తెచ్చి నా నెత్తినెట్టినావు. అది నీళ్ళాడి బిడ్డని ఎత్తీదాకా నాను ఎవులికీ సెప్పలేను, కంటి మీద కునుకు ఎయ్యలేను. మళ్ళీ ఏటైనా అయితే, అది నీ సెయ్యనుకోవాలో నా సెయ్యనుకోవాలో."

అంతలో వంటింటి గుమ్మంలోకి వైకుంఠరావు వచ్చాడు. వెనకే రెండు చేతుల నిండా గాజులు గలగలలాడించుకుంటూ ధరణి. వీడియో పంపానమ్మా, సార్ ఫోను ఆపేసి ఉంది, అన్నాడు వైకుంఠరావు. పిల్లకి ఆయన మాట కూడా ఒకటి కావాలట, ఆయనెలా ఉన్నారు, మీ ఫోను నుంచి ఇంట్లోవాళ్ళకి ఒకసారి చేస్తారా అని అడిగాడు.

సరస్వతమ్మ నోరు తెరిచింది. పొద్దుట్నుంచి అడగ్గానే అబద్ధాలు అందించిన నోరు అది. ఇప్పుడు నిజమూ రాలేదు, అబద్ధమూ రాలేదు. ధరణి ఆవిడ మొహంలోకి చూస్తోంది. ఆ నవ్వు ఇంకా పోలేదు గానీ, కనుబొమల మధ్య చిన్న ముడి పడటం మొదలైంది. చెయ్యి మెల్లగా పొట్ట మీదికి వెళ్ళింది.

"పడుకున్నాడంటరా," అంది దేముడమ్మ. "పడుకునే ముందే ఈ అమ్మతో సెప్పినాడంట. మన గుంటకి ఏ లోటూ రాదని, పండంటి బిడ్డని కంటాదని."

"నిజంగా అన్నారా నానమ్మా?" అంది ధరణి.

"అన్నాడే. ఇప్పుడే సెప్పింది నాకు."

ధరణి కనుబొమల ముడి విడిపోయింది. ఎక్కడున్నాడో తెలియని ఆ పెద్దాయనకి గాలిలోనే ఒక దండం పెట్టి, తండ్రి చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది. సార్ మాట ఎప్పుడూ పోదు అంటూ వైకుంఠరావు అందరికీ చెబుతున్నాడు. పాట మళ్ళీ మొదలైంది.

దేముడమ్మ మూత తీసి, పొంగడాలు ఆకులో సర్దింది. రెండు పొట్లాలు కట్టింది, ఇద్దరికని. అవి సరస్వతమ్మ చేతిలో పెడుతున్నప్పుడు కూడా ఆవిడ మొహంలోకి చూడలేదు.

"ఇంత వయసొచ్చింది. ఆ గుంటకి నానెప్పుడూ అబద్దం సెప్పలేదు," అంది. "ఎల్లు తల్లీ, రైలుకి టైమవుతాది."